కడుపునొప్పి, ఆలస్యమైన వంట

మా బుసోగా సీమ మొత్తం మీద నా అంత నిజాయితీగా రిజిస్టరు రాసిన గుమాస్తా ఇంకొకడు పుట్టలేదు. ఈ మాట వేరేవాళ్ళు చెబితే బాగుండేది గానీ, చెప్పగలిగిన వాళ్ళంతా నాకంటే ముందే పోయారు కాబట్టి నేనే చెప్పుకోవలసి వస్తోంది. పదిహేడేళ్ళు గొంబొలోలా, అంటే మా తాలూకా, కచేరీలో రాశాను. పాతిక ఊళ్ళ తగువులు, పాతిక ఊళ్ళ చావులు, అన్నీ నా చేతిమీదుగా పోయినవే. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అబద్ధం లేదు. నా అక్షరాలు ఎంత వరసగా ఉండేవంటే, చీమలు పుట్టకి దారి అనుకుని నా పంక్తుల వెంబడే నడిచేవి. పేజీ చివర నేను చుక్క పెట్టిన చోట ఆగి, వెనక్కి తిరిగేవి.

నా పేరు గులుమైరే. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పంతులుగారికి నాకంటే తక్కువ వచ్చని తేలడంతో, ఆయన పరువు కాపాడటానికి అక్కడితో మానేశాను.

మా కచేరీకి రేకుల కప్పు. ఎండ ముదిరితే లోపల తిరిగే కోళ్ళు ఉడికిన గుడ్లు పెట్టేవి. అందుకని పంచాయితీ బయట మువులే చెట్టు కింద జరిగేది. ఆ చెట్టు మొదలు ఎంత లావంటే, ఒకసారి చూలు మేకను ఒక పక్కన కట్టేసి, చుట్టూ తిరిగి వచ్చేసరికి అది ఈని పిల్లకి పాలిస్తోంది. దాని నీడలో మా గొంబొలోలా పెద్ద మగూలా మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అటూ ఇటూ ముక్కాలిపీటల మీద ముగ్గురు పంచాయితీ ముసలాళ్ళు. కాస్త ఎడంగా చిన్న బల్ల దగ్గర నేను. నా ముందు రెండు రిజిస్టర్లు. నల్ల అట్టది తగువులకి, ఎర్ర అట్టది చావులకి.

తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు. యాభై రెండో సంవత్సరం, రాగులు కోసిన నెలలో ఒక గురువారం, లొగోసే అనే పిల్ల తగువు ఆ చెట్టు కిందికి రావలసి ఉంది. ఎనిమిదేళ్ళ కాపురంలో మూడుసార్లు మొగుడి దగ్గర్నుంచి పారిపోయి అన్న ఇంటికి వచ్చింది. మూడుసార్లూ అన్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. నాలుగోసారి ఆమె పుట్టింటికి రాలేదు. తిన్నగా కచేరీకి వచ్చి, విడిపించండని ఫిర్యాదు రాయించింది. ఆ గురువారం ఆమెను వెనక్కి పంపుతారా, పంపరా అన్నదే ఈ కథ.

పంపుతారని నాకు తెలుసు. ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. ఎందుకంటే నల్ల పుస్తకంలో సగం ఈ తగువే. ఆడది వచ్చి, ఈ మొగుడితో నేను బతకలేనంటుంది. మొగుడు, పోతే పోనీ, నా ఆవులు నాకు పడెయ్యమంటాడు. అన్న, ఆవులు నా దగ్గర లేవంటాడు. అతను అబద్ధం చెప్పడు, నిజంగానే ఉండవు. చెల్లెలికి మొగుడివాళ్ళు ఓలిగా ఇచ్చిన నాలుగు ఆవులు ఆ ఏడే అన్నకి పెళ్ళాన్ని తెస్తాయి. ఆ పెళ్ళాం ఊరికి పోయి ఆమె తమ్ముడికి ఇంకో పెళ్ళాన్ని తెస్తాయి. ఒక్క ఆడది పుట్టింటికి తిరిగొస్తే, ఆ ఆవుల తాళ్ళ వెంట నాలుగు ఊళ్ళలో నాలుగు కాపురాలు ఊడిరావాలి. అంచేత ఎవరూ ఆవుల్ని కదపరు. ఆడదాన్ని కదుపుతారు. తీర్పు ప్రతిసారీ ఒకటే కాబట్టి, మగూలా నోరు తెరవక ముందే సగం రాసి ఉంచేవాణ్ణి: "భార్య భర్త ఇంటికి తిరిగి వెళ్ళవలెను."

ఇక ఎర్ర పుస్తకం సంగతి. మా దేశంలో ఎవరైనా తమ ప్రాణం తామే తీసుకుంటే వాళ్ళ కోసం ఏడవరు. శవానికి నారబట్ట కప్పరు. దారి పక్కన బీడులో పాతేసి, చేతులు కడుక్కుని వస్తారు. తరువాత మగవాళ్ళంతా గొడ్డళ్ళు పట్టుకుని ఆ చెట్టు మీద పడతారు. ఏ చెట్టు ఆ చావును మోసిందో దాన్ని నరికి, వేళ్ళతో సహా తవ్వి, బూడిదయ్యేదాకా కాలుస్తారు. తప్పంతా చెట్టుది. బూడిద చల్లారాక అందరికీ మనసు చల్లబడుతుంది. నేనూ వెళ్ళేవాణ్ణి, వేళ్ళు తవ్వేవాణ్ణి, ఒళ్ళంతా చెమట పట్టాక న్యాయం జరిగిందనుకుని ఇంటికి వచ్చి చిలగడదుంపలు తినేవాణ్ణి.

ఆపైన రిజిస్టరు. అందులో "కారణము" అని బొటనవేలంత గడి. మొగుడితో పడలేక అని రాస్తే జిల్లా నుంచి పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు. మూడు రోజులుంటాడు, ఊళ్ళో కోళ్ళన్నీ అయిపోతాయి. కాబట్టి మగూలా చెప్పేవాడు: "కడుపునొప్పి రాయరా. కడుపు అందరికీ ఉంటుంది, ఎవడూ అడగడు." నేను రాసేవాణ్ణి. తిరిగి వెళ్ళిన పెళ్ళాన్ని మొగుడే పొడిచి చంపిన చావులు కొన్ని ఉండేవి. వాటికి పోలీసు ఎలాగూ వస్తాడు, మొగుణ్ణి బేడీలు వేసి తీసుకుపోతాడు. కానీ ఆ గడిలో ఏదో ఒకటి పడాలి కదా. అక్కడ "వంట ఆలస్యమైనందున తగువు" అని రాసేవాణ్ణి. ఆ లెక్కన మా గొంబొలోలాలో ఆడవాళ్ళకి రెండే రోగాలు. కడుపునొప్పి, వంట ఆలస్యం.

ఒక్క అబద్ధం లేదని మొదట అన్నాను కదూ. సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీమల మాట మాత్రం నిజం.

ఆ నెలలోనే జిల్లా వైద్యాధికారి నుంచి ఉత్తరం వచ్చింది. మీ ప్రాంతంలో స్త్రీలలో ప్రాణాంతకమైన కడుపునొప్పి ఇంత ఎక్కువగా ఉండటం మమ్మల్ని విచారంలో ముంచింది, ఇందుతో రెండు పెట్టెల మందు పంపుతున్నాము, చనిపోయిన ప్రతి స్త్రీ పేరు, ఊరు, భర్త పేరు, ఆమె ఏమి తినేదో పట్టిక వేసి పంపవలెను అని. మందు గులాబీరంగులో ఉంది. మగూలా మూత తీసి వాసన చూసి, కొంచెం చప్పరించి చూసి, బాగానే ఉందని ఒక సీసా అక్కడికక్కడే ఖాళీ చేశాడు.

పట్టిక వేయడానికి కూర్చున్నాను. ఎర్ర పుస్తకంలో మొగుళ్ళ పేర్లు రాయను, గడి లేదు. మొగుడి పేరు కావాలంటే నల్ల పుస్తకం వెతకాలి. అన్నేళ్ళలో ఆ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన తెరవడం అదే మొదటిసారి. ఒకటి మూస్తే గానీ ఇంకొకటి తెరవకపోవడం నా అలవాటు, సిరా అంటుకుంటుందని.

మొదటి పేరు నములొండో. కడుపునొప్పి. నల్ల పుస్తకంలో మొగుడి పేరు దొరికింది. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు తేదీ. భార్య భర్త ఇంటికి తిరిగి వెళ్ళవలెను. కింద ఆమె వేలిముద్ర. ఆ వేలు నాకు గుర్తుంది. సిరా కడుక్కోవడానికి నీళ్ళడిగింది. లేచి వెళ్ళి ముంచి ఇవ్వడానికి బద్ధకమై, అరటాకుకి తుడుచుకో పొమ్మన్నాను.

రెండో పేరు. కడుపునొప్పి. ముప్పై ఒక్క రోజులు. మూడో పేరు, వంట ఆలస్యం, నాలుగు రోజులు. ఐదో పేరు దగ్గర నా పెన్ను ఆగింది. ఆపైన వేలితోనే వెతికాను. ఆరేళ్ళలో పదకొండు పేర్లు. ఎనిమిది కడుపునొప్పులు, మూడు వంటలు. పదకొండు మందీ చావడానికి ముందు ఆ మువులే చెట్టు కింద నిలబడి, మాకు దణ్ణం పెట్టి, మమ్మల్ని పంపొద్దని అడిగినవాళ్ళే. ఒక్కరు కూడా రెండు నెలలు దాటలేదు. పదకొండు తీర్పులూ నా దస్తూరీలోనే ఉన్నాయి. పదకొండు చావులూ నా దస్తూరీలోనే ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు.

రెండు పుస్తకాలూ చంకలో పెట్టుకుని మగూలా దగ్గరికి వెళ్ళాను. ఆయన అరటిపండు వలుస్తూ విన్నాడు.

"అయితే ఏమంటావురా?" అన్నాడు.

"మనం వెనక్కి పంపినవాళ్ళే చచ్చిపోతున్నారు పెద్దయ్యా."

"మనం వెనక్కి పంపి బతికినవాళ్ళు లేరా?"

"ఉన్నారు."

"మరి వాళ్ళ లెక్క ఎందుకు తియ్యవు? ఆడవాళ్ళన్నాక చస్తారు, మగవాళ్ళన్నాక చస్తారు. పుస్తకం పక్కన పుస్తకం పెడితే ఏదో ఒకటి కలుస్తుంది. నీకు సిరా ఎక్కువైంది." పండు నోట్లో పెట్టుకున్నాడు. "పట్టిక ఆపకు. ఏం తినేవాళ్ళో అడిగారుగా, చిలగడదుంపలని రాసెయ్యి."

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని తీసుకుని, ధైర్యవంతుణ్ణి కాబట్టి, తిన్నగా బీరు కుండ దగ్గరికి వెళ్ళాను.

కచేరీ వెనక నైగాగా రాగి బీరు కాచేది. అరవై దాటిన మనిషి, లొగోసేకి సొంత మేనత్త. తగువులకి వచ్చినవాళ్ళంతా గెలిచినా ఓడినా ఆమె కుండ చుట్టూ కూర్చుని పొడుగాటి గొట్టాలతో పీల్చేవాళ్ళు. ఆమె నోటికి జడిసి మాత్రం ఎవరూ రెండో కుండ అడిగేవారు కాదు. ఆ రోజు అక్కడ లొగోసే కూడా ఉంది. చిలగడదుంపలు చెక్కు తీస్తోంది. ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతుక్కుపోయి ఉంది కాబట్టి దుంపను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గీరుతోంది. నేను ఆ చెయ్యి వంక చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

"ఏం గుమాస్తా, దుంప ఎప్పుడూ చూళ్ళేదా?" అంది నైగాగా.

రెండు గుక్కలు పీల్చాక నాకు నోరు ఆగలేదు. పదకొండు పేర్లూ చెప్పేశాను. లొగోసే చెక్కు తీయడం ఆపింది. నైగాగా మాత్రం పొయ్యి కింద కర్ర సర్దుతూనే ఉంది.

"నములొండో మా వీధే," అంది. "ఆ చెట్టు కొట్టేటప్పుడు నువ్వు వేళ్ళు తవ్వావు. కనపడ్డావులే."

"తవ్వాను అత్తా."

"గురువారం నా మేనకోడలికి ఏం రాస్తావు?"

నేను కుండలోకి చూస్తూ కూర్చున్నాను.

"సగం రాసేసి ఉంటావు కూడా," అంది. "సరే. నేనడిగినప్పుడు ఆ పేర్లు చదువుతావా? వరసగా? తీర్పు తేదీ, చావు తేదీ, అంతే. నీ కతలు కలపకుండా."

"నా ఉద్యోగం పోతుంది."

"పోతే రా. కుండలు కడగడానికి మనిషి కావాలి."

లొగోసే అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "అత్తా, ఆయన్ని బలవంతపెట్టకు. ఆయన చదివితే వాళ్ళు మారతారా? పెద్దయ్య మందు తాగి నిద్రపోతాడు." తిరిగి దుంప తీసుకుంది. "నేను మాత్రం ఆ ఇంటికి వెళ్ళను. ఎక్కడికి వెళతానో తెలీదు గానీ అక్కడికి మాత్రం వెళ్ళను."

ఎక్కడికి వెళ్ళకూడదో తెలిసి, ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళే నా ఎర్ర పుస్తకం నిండా ఉన్నారని నాకు అప్పుడు తట్టింది. గొట్టం కింద పెట్టేశాను.

గురువారం వచ్చింది. చెట్టు కింద జనం. ఒక పక్క మొగుడు కిబ్వీకా, కొత్త చొక్కా వేసుకుని, చూడటానికి మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. ఇంకో పక్క అన్న కగోడా. కగోడా వెనక అతని పెళ్ళాం ముతేసి, చంకలో పసిపిల్ల. లొగోసే మధ్యలో చాప మీద మోకరించి ఉంది. నైగాగా జనం వెనకెక్కడో ఉంది.

"చెప్పమ్మా," అన్నాడు మగూలా.

"కొడతాడు పెద్దయ్యా. ఈ చెయ్యి రోకలితో కొట్టాడు. నాకు విడాకులిప్పించండి."

"ఎందుకు కొట్టావయ్యా?"

"వంట ఆలస్యం చేసింది," అన్నాడు కిబ్వీకా.

ఆ మాట ఇంతవరకు నేను రాసిందే గానీ, ఎవడి నోటా విన్నది కాదు.

"వంట తొందరగా చేస్తే కొట్టవుగా? చూశావా అమ్మా, చిన్న విషయం," అన్నాడు పంచాయితీ ముసలాళ్ళలో పళ్ళులేనాయన.

"నాకు ఆవులు ఇచ్చేస్తే పోనీండి, నేను కాదనను," అన్నాడు కిబ్వీకా.

కగోడా లేచి నిలబడ్డాడు. చెల్లెలి వైపు చూడలేకపోతున్నాడు. "నా దగ్గర ఆవుల్లేవు పెద్దయ్యా. ముతేసి వాళ్ళకిచ్చాను. వాళ్ళు ఇంకెవరికో ఇచ్చారు. ఆ నాలుగూ తేవాలంటే ముతేసిని పంపెయ్యాలి. ఈ పిల్లకి ఇంకా పళ్ళు రాలేదు. ఏం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యక్కర్లేదు, కూర్చో," అన్నాడు మగూలా. నా వైపు తల ఊపాడు. "రాయరా."

పెన్ను ముంచాను. "భార్య భర్త" దాకా ముందే రాసి ఉంది.

"పెద్దయ్యా, ఒక్క మాట." జనంలోంచి నైగాగా ముందుకు వచ్చింది. భుజం మీద గొడ్డలి ఉంది. "తీర్పు మీ ఇష్టం. ముసల్దాన్ని, మళ్ళీ మళ్ళీ రాలేను. ఏ చెట్టు కొట్టాలో అది కూడా ఇప్పుడే చెప్పెయ్యండి, ఒక పనైపోతుంది."

"ఏ చెట్టేమిటి?"

"రెండు నెలల్లో మీరంతా గొడ్డళ్ళు పట్టుకుని బయల్దేరతారు కదా. ఆ చెట్టు. ముందే కొట్టేసుకుంటే పిల్ల మిగుల్తుందేమోనని ఆశ."

"అపశకునం మాటలు మాట్లాడకు."

"నేను మాట్లాడటం లేదు. మీ గుమాస్తా రాశాడు. చదువు గుమాస్తా."

మగూలా నా వైపు చూశాడు. ఆ చూపు నాకు పదిహేడేళ్ళుగా తెలుసు. ఆ చూపుకి పుస్తకం మూసేసేవాణ్ణి. ఈసారి నా చేతులు రెండు పుస్తకాల్నీ తెరిచాయి. లేచి నిలబడి చదివాను. నములొండో, పన్నెండో తేదీ తీర్పు, ఇరవై ఒకటో తేదీ చావు. ఒక్కో పేరుకీ జనంలో ఒక చోట కదలిక. ఒక తల్లి, ఒక అక్క, ఒక చెల్లెలు. ఏడవకూడదన్నారని ఏళ్ళ తరబడి ఏడవని వాళ్ళు. ఆరో పేరుకి ఒక ముసలావిడ గొంతెత్తి ఏడ్చింది, ఎవరూ ఆపలేదు.

"వాళ్ళంతా కడుపునొప్పితో పోయారు," అన్నాడు మగూలా. "నువ్వే రాశావు కదరా."

"నేనే రాశాను. అబద్ధం రాశాను. మీరు చెప్పారు, నేను రాశాను."

అంతటితో నా నిజాయితీకి ఉన్న పేరు పోయింది, అందరి ముందూ, నా నోటితోనే. నిజం చెప్పొద్దూ, పోయాక ఒంటికి గాలి తగిలినట్టయింది.

నైగాగా గొడ్డలి కిందికి దించింది. "చావును మోసిన చెట్టును కొట్టాలి. అంతేనా మన పద్ధతి? మీ తాతలదీ మా తాతలదీ అదేగా? మరి మీరు ఇన్నాళ్ళూ తప్పు చెట్లు కొట్టారు. పెరట్లో పనసచెట్టు ఏం చేసింది? చివరికి ఒక పూట మోసింది, అంతే. నములొండోని పొమ్మన్నది ఎక్కడ? నబ్వీరేని పొమ్మన్నది ఎక్కడ? మొగుళ్ళు పొడిచిన ఆ ముగ్గుర్నీ వాళ్ళ చేతికి అప్పజెప్పింది ఎక్కడ? ఇక్కడ. ఈ చెట్టు కింద. పదకొండు చావులు మోసింది ఇది. ఇంతమంది మగవాళ్ళున్నారు, ఒక్కడికీ చెయ్యి రాదేం?"

ఎవరూ కదలలేదు. ఆమె నడుచుకుంటూ వెళ్ళి మువులే మొదట్లో గొడ్డలి వేసింది.

ఆ చెట్టుకి అది దోమ కుట్టినంత. కానీ అయ్యా, చావు పేరు చెప్పి ఇనుము తగిలిన చెట్టు నీడలో మా వాడెవడూ క్షణం కూర్చోడు. ఆ నీడ ఒంటికి అంటుకుంటుందని భయం. రెండో వేటుకి పళ్ళులేనాయన ముక్కాలిపీట ఎత్తుకుని ఎండలోకి నడిచాడు. అతని వెనక రెండో ముసలాడు. మూడో ఆయన నిద్రపోతున్నాడు, లేచి ఎందుకో తెలియకుండానే పరుగెత్తాడు. జనమంతా ఎండలోకి జరిగారు. లొగోసే కూడా తన చాప ఈడ్చుకుని జరిగింది. మగూలా ఒక్కడే నీడలో మిగిలాడు, మడతకుర్చీలో.

"ఆపమనండి," అన్నాడు. ఎవరిని ఆపమంటున్నాడో ఎవరూ అడగలేదు. మూడో వేటు పడింది. ఆయన లేచి కుర్చీ తానే మడుచుకుని, తానే మోసుకుని ఎండలోకి వచ్చాడు. ఆయన కుర్చీ ఆయన మోయగా చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

ఒకటి గమనించండి. పదకొండు పేర్లు విని వాళ్ళు కదలలేదు. తల్లి ఏడుపు విని కదలలేదు. ఎదురుగా వంకర చెయ్యి చూసి కదలలేదు. నీడ పోయిందని కదిలారు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

నడినెత్తిన ఎండ. ముగ్గురూ బట్టతలలవాళ్ళే. అలాంటి ఎండలో న్యాయం చాలా చురుగ్గా నడుస్తుంది.

"నా ఆవుల సంగతి?" అన్నాడు కిబ్వీకా.

"నన్ను పంపెయ్యండి," అంది ముతేసి, అందరూ ఉలిక్కిపడేలా. "ఆవులే కావాలంటే నన్ను పంపండి. మా వాళ్ళు నన్ను మళ్ళీ ఇటే తోలతారు. మీరు మళ్ళీ అటు తోలండి. పన్నెండో పేరు నాదే రాసుకోవచ్చు గుమాస్తాగారూ. అక్షరాలు బాగుంటాయట."

కగోడా పెళ్ళాం వైపు చూశాడు, తరువాత చెల్లెలి వైపు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి సరిగ్గా చూశాడనుకుంటాను. "పెయ్య ఒకటుంది," అన్నాడు నెమ్మదిగా. "అది ఈరోజే తోలిస్తాను. మిగతా మూడూ దానికి దూడలు పుట్టినప్పుడు. ఎన్నేళ్ళయినా ఇస్తాను. కానీ చెల్లెల్ని ఇక తీసుకెళ్ళి దిగబెట్టను. నా చేతులు రావు."

"ఎన్నేళ్ళు ఆగాలి నేను?" అన్నాడు కిబ్వీకా. "అందాకా నాకు వండేదెవరు?"

"వంట ఆలస్యమైతే కడుపునొప్పి వస్తుందిరా నాయనా," అంది నైగాగా, గొడ్డలి మీద ఆనుకుని ఆయాసపడుతూ. "కచేరీలో రెండు పెట్టెల మందుంది. ఒకటి పెద్దయ్య తాగుతున్నాడు, రెండోది నువ్వు పట్టుకుపో."

జనంలో నవ్వు రేగింది. మగూలా చెమట తుడుచుకున్నాడు. "రాయరా," అన్నాడు. "ఒక పెయ్య ఇప్పుడు. మూడు ఆవులు తరువాత."

"మరి లొగోసే పెద్దయ్యా?"

ఆయన ఆ మాట నోటితో చెప్పలేకపోయాడు. చేత్తో, పోనీ, అన్నట్టు ఊపాడు. చేతి ఊపు రాయడానికి మా రిజిస్టరులో గడి లేదు. నేనే రాశాను: "భార్య తనకు ఇష్టమైన చోటికి వెళ్ళవలెను. బాకీ ఆవులది. దానికి మనిషి జామీను కాదు." ముందే రాసిపెట్టుకున్న "భార్య భర్త"లో రెండో మాట కొట్టేశాను. నా పుస్తకంలో అదే మొదటి కొట్టివేత. సిరా ఇంకా ఆరకముందే లొగోసే కుడి బొటనవేలితో ముద్ర వేసింది. ఈసారి కుండ నిండా నీళ్ళు తెచ్చి పెట్టాను. ఆమె కడుక్కుని, నాతో మాట్లాడకుండానే లేచి వెళ్ళింది. మాట్లాడటానికి నేను ఆమెకి ఏమీ చేయలేదు కూడా.

తరువాత ఏమైందంటారా? లొగోసే మేనత్త పక్కనే పొయ్యి వేసుకుంది. కిబ్వీకా పెయ్య తోలుకుపోయాడు. మువులేకి ఏమీ కాలేదు, మూడు గాట్లూ పూడిపోయాయి, కానీ దాని కింద మళ్ళీ ఎవరూ తీర్పు చెప్పలేదు. మగూలా నన్ను రిజిస్టర్ల నుంచి తప్పించి కుక్కల లెక్కకి వేశాడు. పిచ్చికుక్కల ఏడాది. ఊరూరా తిరిగి కుక్కల పేర్లు రాసుకునేవాణ్ణి, వాటిలో ఏ ఒక్కదానికీ కడుపునొప్పి అని రాయలేదు. పాతిక ఊళ్ళ ఆడవాళ్ళు ఆ కబురు విని ఆవుల బాకీ వేరు, మనుషులు వేరని కచేరీకి వచ్చి అడగడం మొదలుపెట్టారు. కొందరికి దక్కింది. కొందరికి దక్కలేదు. చావులు తగ్గాయి. మరుసటి ఏడాది జిల్లా వైద్యాధికారి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మీ ప్రాంతంలో స్త్రీల కడుపునొప్పి గణనీయంగా తగ్గినందుకు సంతోషిస్తున్నాము, మందు గుణం ఇచ్చిందని పై అధికారులకు నివేదించాము, ఇంకో రెండు పెట్టెలు పంపుతున్నాము అని. ఆ నివేదిక ఎక్కడో అచ్చై, ఏదో బీరువాలో భద్రంగా ఉండే ఉంటుంది. మందుకి పేరొచ్చింది. నైగాగా పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఇప్పుడు మీరు అడుగుతారని తెలుసు: తాతా, ఇందులో ఎంత నిజం, ఎంత కోత? మేక ఈనిన మాట, ఉడికిన గుడ్ల మాట మీరు ఎలాగూ నమ్మలేదు కాబట్టి అవి లెక్కలోకి రావు. మీరు నమ్మిన వాటిలో నేను కల్పించింది ఒకటుంది. పదకొండు అన్నాను చూశారూ, ఆ అంకె. పుస్తకంలో పంతొమ్మిది మంది ఉన్నారు. ఆ రోజు ఎండలో పంతొమ్మిది పేర్లూ చదివాను. ఈ కథ చెప్పిన కొత్తల్లో పంతొమ్మిదనే చెప్పేవాణ్ణి. ముసలాడు మళ్ళీ కోతలు మొదలెట్టాడని అందరూ నవ్వేవాళ్ళు. పదకొండంటే నవ్వడం లేదు.